ఊడదీసే పని

"పళ్ళతో లాగకు."

ఆ మాటకి ఆమె ఒక్క క్షణం మురిసిపోయింది. ఇన్నేళ్ళకి తన పళ్ళ గురించి ఈయనకి బెంగ పుట్టిందనుకుంది. తలెత్తి చూస్తే ఆయన చూపు మాత్రం ఆమె నోట్లో ఉన్న ప్లాస్టిక్ పలక మీదే ఉంది.

"గాటు పడిందంటే ఆ పలక ఇక దేనికీ పనికిరాదు. ఆ తెలుపు ఇప్పుడు ఎక్కడా దొరకట్లేదు."

ఆమె పలకల జంటని నోట్లోంచి తీసి, చేతిగుడ్డకి తుడిచి, బొటనవేలి గోటిని రెండింటి మధ్య సందులోకి దూర్చింది. గోరు పోయిన ఆదివారమే చీలింది. ఆ చీలిక ఇంకాస్త లోపలికి పోయింది. పలకలు మాత్రం ఊడలేదు.

ఆదివారం మధ్యాహ్నం. భోజనాలైన బల్ల మీద ఎంగిలి పళ్ళాలు అలాగే ఉన్నాయి. ఆమె నేల మీద దుప్పటి పరిచి, మధ్యలో కూర్చుని గడియారస్తంభాన్ని ఊడదీస్తోంది. నిజం స్తంభం కాదు లెండి. పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకలుంటాయే, ఒకదాని బొడిపెల మీద ఇంకొకటి టిక్కుమని కూర్చునేవి, వాటితో ఆయన నెలల తరబడి కట్టిన నడుమెత్తు స్తంభం. ఆయన నీటి సరఫరా ఆఫీసులో పైపుల పటాలు గీస్తాడు. ఇంటికొచ్చాక మాత్రం మేస్త్రీ. ఆ పేరు ఇటుకల క్లబ్బులో స్నేహితులు పెట్టారు. ఆఫీసులో ఎవరు పిలిచినా అరగంటకి గాని పలకని మనిషికి, మేస్త్రీ అని ఎవరైనా అంటే చాలు, మొహం చేటంత అవుతుంది. మేస్త్రీ అన్నాక పక్కన తట్ట అందించే మనిషి ఒకరుండాలి కదా. ఆ మనిషికి మాత్రం క్లబ్బులో ఎవరూ పేరు పెట్టలేదు.

కట్టడం ఆయన వంతు, ఊడదీయడం ఆమె వంతు. ఎవరూ పంచుకుని రాసుకున్న వంతులు కావు. మొదటిసారి ఒక చిన్న వంతెన కట్టినప్పుడు ఆయన "దీన్ని కాస్త విప్పి పెడతావా, రేపు ఇంకోటి మొదలుపెడతాను" అన్నాడు. ఆమె విప్పి పెట్టింది. అంతే. ఆ "కాస్త" అన్న మాట పెరిగి పెద్దదై ఆమె ఆదివారాలన్నింటినీ కూర్చుని తినేసింది. స్తంభం పూర్తవుతుంది, స్నేహితులొస్తారు, చుట్టూ తిరిగి ఫోటోలు తీసుకుంటారు, ఆమె పెట్టిన టీ తాగుతారు. ఆపైన కొత్త కట్టడానికి ఇటుకలు కావాలి గనక పాతది విప్పాలి. విప్పినవాటిని వల సంచిలో పోసి, గోరువెచ్చటి నీళ్ళలో సబ్బు చుక్క వేసి జాడించాలి. నీళ్ళు వేడెక్కితే ఇటుక వంకర పోతుంది, ఎండలో పెడితే తెలుపు పసుపైపోతుంది, తడిగా డబ్బాలో వేస్తే బొడిపెల సందుల్లో మురికి కడుతుంది. నీడన ఆరబెట్టి, తువ్వాలుతో ఒత్తి, అప్పుడు వేరు చేసి డబ్బాల్లో పోయాలి.

ఆ వేరు చేయడంలో కూడా ఒక కథ ఉంది. మొదట్లో రంగుల వారీగా చేయమన్నాడు మేస్త్రీ. ఎర్రవన్నీ ఒక డబ్బా, నీలాలన్నీ ఒక డబ్బా. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. తీరా ఎర్రటి చిన్న ముక్క ఒకటి కావాలంటే ఎర్రటి రాశిలో చెయ్యిపెట్టి దేవుకోవలసిందే. "ఎక్కడ పడేశావ్?" అని ఆయన వంటింటి దాకా కేకలు. ఒక వారం ఆమె విసుగెత్తి, రంగులు కలిసిపోతే పోనీయమని, ఆకారాల వారీగా పోసింది. పొడుగువి ఒక చోట, మూలవి ఒక చోట, పల్చటి పలకలు ఒక చోట. అన్ని రంగుల మధ్య ఎర్రది ఇట్టే కంటికి తగిలింది. ఆ తర్వాత క్లబ్బువాళ్ళు వచ్చినప్పుడు మేస్త్రీ డబ్బాలు చూపిస్తూ, "మేం మాత్రం ఆకారాన్ని బట్టే వేరు చేస్తాం" అన్నాడు. టీ కప్పులు పట్టుకుని నిలబడ్డ ఆమె ఆ "మేం" విని, పోనీలే, అందులో నేనూ ఉన్నానుగా అనుకుంది. ఎంత చిన్నదానికి సంతోషపడిందో ఇప్పుడు తలుచుకుంటే ఆమెకే జాలేస్తుంది.

కోపం రావడానికి చోటు ఉంటే కదా. అత్తగారు ఎప్పుడో చెప్పేసింది: "వాడికి తాగుడా, పేకాటా? బొమ్మ ఇటుకలేగా. పూర్తిగా ఇంటిపట్టున ఉండే మొగుడు ఎంతమందికి దొరుకుతాడే? అదృష్టవంతురాలివి." చుట్టాలు వచ్చినా అదే మాట, పక్కింటావిడదీ అదే మాట. నిజమే కదా అనుకునేది ఆమె. నిజమైన మాటతో పోట్లాడటం కష్టం. బొటనవేలు వాచి, రాత్రి పక్క దుప్పటి లాక్కోలేకపోయినా, ఇది ఇటుకల తప్పు గాని మనిషి తప్పు కాదు కదా అని సర్దుకునేది. ప్లాస్టిక్ అన్నాక బిగుసుకుంటుంది. బిగుసుకున్నది ఊడదీయాలంటే గోరు పోతుంది. అది లోకంలో ఉన్న తీరు.

ఆ గోళ్ళే ఇప్పుడు ఆమె ఉద్యోగానికి అడ్డం వచ్చి కూర్చున్నాయి. ఆమె ఒక కళ్ళజోళ్ళ దుకాణంలో పనిచేస్తుంది. వచ్చినవాళ్ళని అద్దం ముందు కూర్చోబెట్టి, ఫ్రేము ముక్కు మీద నిలబడేలా, చెవుల వెనక నొప్పెట్టకుండా వంచి సరిచేయడం ఆమె పని. మొన్న ఒక పెద్దావిడకి కళ్ళజోడు తొడుగుతుంటే చీలిన గోరు చెవి వెనక గీసుకుంది. ఆవిడ అమ్మా అంది. దుకాణం యజమాని, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి, అందరి ముందూ అనేశాడు: "ఆ చేతులేమిటమ్మా, తుప్పుపట్టిన మేకుల్లాగా! మొహాల మీద పెట్టే చేతులవి." ఆమెకి తల కొట్టేసినట్టయింది. స్టాకు గదిలోకి పోయి, గోరుకి ప్లాస్టరు చుట్టుకుని వచ్చింది.

సాయంత్రం అదే పెద్దాయన ఆమెని పిలిచి కూర్చోమన్నాడు. లోపలి గదిలో అద్దాలు అరగదీసి ఫ్రేములకి బిగించే ముసలాయన త్వరలో పని మానేస్తున్నాడు. ఆ బల్ల దగ్గరికి ఆమెని తీసుకోవాలని ఉందట. "నీ కన్ను నిలకడైనది. నేను చూస్తున్నాను కదా" అన్నాడు. నేర్పించే మనిషి ఆదివారాలే వస్తాడు, దుకాణం మూసి ఉన్నప్పుడే మిషన్లు ఖాళీగా ఉంటాయి గనక. "అద్దానికి గోటి గీత పడితే పని చెడిపోతుంది. ముందు ఆ వేళ్ళు బాగుచేసుకో. ఆదివారాల సంగతి ఇంట్లో అడిగి, వచ్చే శనివారంలోగా చెప్పు. నువ్వు కాదంటే బయటినుంచి ఎవరినో ఒకరిని పెట్టుకోవాలి."

ఇంట్లో అడిగి. బస్సులో ఆ రెండు మాటలే ఆమె చెవిలో తిరిగాయి. ఆ బల్ల ఆమెకి కావాలి. ఆ గదిలో అద్దం తెల్లటి దుమ్ము రాలుస్తూ మెల్లగా మనిషి చూపుకి సరిపోయే ఆకారంలోకి రావడం చూస్తే ఆమెకి ఆకలి గుర్తుండదు. ఎంత కావాలో అంత భయం కూడా వేసింది. ఆ రోజు నుంచీ లోపల్లోపల అడగడం సాధన చేస్తోంది. ఏమండీ, మీకు ఇబ్బంది లేకపోతే. ఏమండీ, ఇటుకలు శనివారం రాత్రికే చేసి పెట్టేస్తాను. ఏమండీ, ఒక్క మూడు నెలలే. ప్రతి వాక్యమూ ఆయన మొహం ముందు ఊహలోనే నీరుగారిపోయింది. స్తంభం ఊడదీస్తున్న ఈ ఆదివారం కూడా నాలుక చివరిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే ఆయన పళ్ళతో లాగకు అన్నాడు.

పైగా మేస్త్రీ వేరే హడావిడిలో ఉన్నాడు. ఊళ్ళో గ్రంథాలయంవాళ్ళు శనివారం సాయంత్రం ప్రసంగం పెట్టారు: బొమ్మ ఇటుకల కట్టుబడి, అందుకు పనికొచ్చే పనిముట్లు, మెళకువలు. మాట్లాడేది ఆయనే. వారమంతా అద్దం ముందు నిలబడి చేతులు తిప్పాడు. నున్నగా ఇస్త్రీ చేసిన చొక్కా, నీళ్ళ సీసా, ఇటుకల ట్రేలు అన్నీ ఆమె సర్ది కారులో పెట్టింది. "నువ్వూ రా, ఏమైనా అవసరమొస్తే అందించాలి కదా" అన్నాడు.

హాలు నిండింది. పిల్లలూ, పిల్లల్ని తెచ్చిన అమ్మానాన్నలూ, ముందు వరసలో క్లబ్బు మిత్రులూ. ఆమె ఆఖరి వరసలో, ట్రేలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కన రిటైరైన ఒక కుట్టు టీచరు, మనవరాలికోసం వచ్చానని తనే చెప్పుకుంది.

మేస్త్రీ బాగా మాట్లాడాడు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కదా. పై వరస అతుకు కింది వరస అతుకు మీద పడితే గోడ చీలుతుందని, నిజం ఇటుకలైనా బొమ్మ ఇటుకలైనా సూత్రం ఒకటేనని, రెండు గోడలు చేసి చూపించి ఒకదాన్ని చిటికెన వేలితో తోసి పడగొట్టాడు. పిల్లలు కిలకిలా నవ్వారు. ఎత్తు కట్టేటప్పుడు లోపల అడ్డపట్టీలు ఎలా వేయాలో చెప్పాడు. ఆకారాల వారీగా వేరు చేయడం చెప్పాడు, "మా పద్ధతి" అంటూ. ఆమెకి గర్వంగానే అనిపించింది. ఇంత ఓపికగా, ఇంత నవ్వుమొహంతో ఆయన మాట్లాడగలడని ఆమెకి కొత్తగా తెలిసింది.

అప్పుడు ఆయన జేబులోంచి వేలెడు పొడవున్న నారింజరంగు ముక్క ఒకటి తీశాడు.

"ఇది చూశారా? దీన్ని మీట అంటాను నేను. బిగుసుకున్న పలకలని ఊడదీయడానికి. దీని మొన పలక కింద పెట్టి, తోక నొక్కితే చాలు. ఇది లేకుండా ఎవరూ ఇటుకల జోలికే వెళ్ళకండి. గోళ్ళతో తీయొద్దు. పళ్ళు అసలే వద్దు. ఇటుక అంచు దెబ్బతింటుంది. ఒకసారి దెబ్బతిన్న ఇటుక మళ్ళీ బాగుపడదు."

ఆమె చూపు తన బొటనవేలి ప్లాస్టరు మీదికి పోయింది.

"పెద్ద పెట్టె కొన్నప్పుడల్లా ఒకటి ఊరికే వస్తుంది. నా సొరుగులో బోలెడు పోగుపడ్డాయి. విప్పకుండా అలాగే దాచాను, పెట్టెలో వచ్చింది వచ్చినట్టు ఉండాలని నా చాదస్తం. ఇవాళ పిల్లలందరికీ తలా ఒకటి." మేస్త్రీ సంచి విప్పాడు. కాగితపు కవర్లలో ఉన్న మీటలు వరసలవెంట చేతులు మారుతూ వచ్చాయి. పిల్లలకి పోను ఒకటి మిగిలి ఆఖరి వరసదాకా వచ్చింది. కుట్టు టీచరు దాన్ని ఆమె చేతిలో పెట్టింది.

ఆమె కవరు చింపింది. ట్రేలో, మొన్నటి ఆదివారం ఊడక వదిలేసిన తెల్ల పలకల జంట ఉంది. పల్చటి పలకలు అంచుకి అంచు కలిపి కూర్చున్నాయంటే మొండితనంలో వాటిని మించింది లేదు. మొన తప్పుగా పెట్టింది, జారింది. తిరగేసి పెట్టి, తోక నొక్కింది. టక్.

అంతే. రెండు పలకలు రెండు చోట్ల పడ్డాయి.

కోపం రావాలి. వస్తుందనే ఆమె కూడా ఎదురుచూసింది. దాని బదులు నవ్వొచ్చింది. ముందు పెదవి చివర, తర్వాత భుజాల్లో, ఆపుకుంటుంటే కళ్ళలోంచి నీళ్ళు కూడా వచ్చాయి. ఎంత తేలిగ్గా ఉందో ఆమెకి! ఇన్నేళ్ళూ ఆ నొప్పి లోకంలో ఉన్న తీరే అనుకుంది. వాన పడినట్టు, వయసు మీద పడినట్టు, ఎవరూ ఏమీ చేయలేనిది అనుకుంది. కాదు. నొప్పి లేకుండా చేసే దారి వేలెడు పొడవున, తన ఇంట్లోనే, తను రోజూ దుమ్ము తుడిచే బల్ల సొరుగులోనే ఉంది. ఆయన దాచిపెట్టి ఏడిపించలేదు, అంత చెడ్డవాడు కాదు. ఊడదీయడం ఎన్నడూ తన పని కాలేదు గనక, ఊడదీసే మనిషి వేళ్ళు ఆయనకి ఎన్నడూ కనబడలేదు. అదృష్టవంతురాలివి అన్నవాళ్ళందరితోనూ ఇక పోట్లాడక్కర్లేదు. వాళ్ళ మాట వాళ్ళదే. తన బొటనవేలు మాత్రం తనది.

ముందు నుంచి గొణుగుడు వినబడింది. మేస్త్రీ చేసి చూపించబోతున్నాడు, మీట జారిపోతోంది. ఎన్నడైనా వాడితే కదా. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ జారింది. పిల్లలొకరిద్దరు కిసుక్కుమన్నారు. ఆయన నుదురు చెమర్చింది. అలవాటు మనిషిని ఎక్కడైనా పట్టిస్తుంది. హాలు, జనం అన్నీ మరిచి, పలకల జంటని గాల్లోకి ఎత్తి ఆఖరి వరసకేసి చూశాడు.

"ఇదిగో, ఇలా రా. నువ్వు తీసెయ్. నీ గోటికైతే ఒక్క నిమిషం."

అందరి తలలూ వెనక్కి తిరిగాయి. కాళ్ళు వాటంతటవే లేవబోయాయి. ఆమె వాటిని నేలకి అదిమి పట్టి, రెండు చేతులూ ఒళ్ళోనే ఉంచుకుంది.

"గోళ్ళతో తీయొద్దన్నారు కదండీ" అంది. "మీటని తిరగేసి పెట్టండి. వచ్చేస్తుంది."

గొంతు మామూలుగానే ఉంది, కళ్ళజోడు ఎలా తుడుచుకోవాలో చెప్పినంత మామూలుగా. హాల్లో నవ్వులు. కుట్టు టీచరు మాత్రం నవ్వలేదు. పక్కనున్న ఆమె బొటనవేలికి చుట్టిన ప్లాస్టరుకేసి చూసి, గట్టిగా అడిగింది: "మేస్త్రీ గారూ, గోళ్ళతో తీస్తే ఇటుక పాడవుతుందన్నారు, సరే. మరి గోళ్ళ సంగతేంటి?"

"అవీ... అవీ పాడవుతాయి లెండి" అన్నాడు ఆయన. మీట తిరగేసి నొక్కాడు. టక్కుమని ఊడింది. చప్పట్లు కొట్టారు.

కారు ఇంటి గేటు దగ్గరికి వచ్చాక ఆయన అన్నాడు: "నీకు అది లేదని నాకేం తెలుసు? అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణిగా."

ఆమె ఆలోచనలో పడింది. ఉందని తెలియనిదాన్ని ఎలా అడుగుతారు? పోనీ, ఉందని తెలిసినవి మాత్రం అడిగి ఎన్ని తెచ్చుకుంది? పుట్టింటికి వెళ్ళడం అడిగింది. ఉద్యోగం అడిగింది. చిన్న గదిలో ఒక మూల అడిగింది, అందులో ఇప్పుడు డబ్బాలున్నాయి. అడిగిన ప్రతిసారీ ఆయన దయగానే విన్నాడు. అడిగితే ఇచ్చేవాడు. అందుకే ఇవ్వకపోవడం కూడా ఆయన చేతిలోనే ఉండిపోయింది. ఈ వారమంతా సాధన చేసిన వాక్యాలన్నీ ఒక్కొక్కటే గుర్తు తెచ్చుకుంది. ఏమండీ, మీకు ఇబ్బంది లేకపోతే. ఎంత వంగి నిలబడి ఉన్నాయో ఆ వాక్యాలు! అన్నింటినీ కారులోనే వదిలేసి దిగింది.

ఇంట్లో అత్తగారు ముందుగదిలో కూర్చుని కాళ్ళకి నూనె రాసుకుంటోంది. "ఎలా జరిగిందిరా?" అంది కొడుకుని చూసి.

"బాగానే జరిగింది. వచ్చే నెల మళ్ళీ పిలిచారు." మేస్త్రీ ట్రేలు దించి, అప్పుడే మామూలు మనిషైపోయాడు. "కొత్తది మొదలుపెట్టాలి. రేపు ఆ స్తంభం అడుగుభాగం విప్పేస్తే, వచ్చే ఆదివారం కడిగి ఆరబెట్టేయొచ్చు" అన్నాడు, ఆమెకేసి తిరిగి.

"నేను ఆదివారాలు ఇంట్లో ఉండనండీ. రేపటి నుంచి" అంది ఆమె, చెప్పులు విప్పి గోడవార పెడుతూ. "మా దుకాణంలో అద్దాల బల్ల పని నేర్చుకుంటున్నాను. పొద్దున్నే వెళ్ళి చీకటి పడేలోగా వస్తాను. వస్తున్నానని పెద్దాయనకి ఇప్పుడే ఫోన్ చేస్తాను."

మేస్త్రీ తల్లికేసి చూశాడు, ఆమెకేసి చూశాడు. "మరి ఇటుకలు?"

"మీట ఎలా పట్టుకోవాలో ఇవాళ మీకు తెలిసింది కదా."

"అది కాదు. ఇంత పెద్ద విషయం... కనీసం నన్ను ఒక మాట అడగాలి కదా?"

"అడగట్లేదండీ" అంది ఆమె. "చెప్తున్నాను."

గొంతు పెంచలేదు. తలుపు విసిరి వేయలేదు. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఊపిరి పొట్టదాకా దిగింది. తల్లి ఏమైనా అంటుందేమో అని మేస్త్రీ చూశాడు. ఆవిడ నూనె సీసా మూత బిగించడంలో మునిగిపోయింది. "అయితే అమ్మా, నువ్వు కాస్త..." అని ఆయన మొదలుపెట్టగానే, "నాకు కళ్ళు ఆనవురా" అనేసింది ఆవిడ, తలెత్తకుండానే. మధ్యాహ్నమే ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కించింది. ఆయన ట్రేలు ఎత్తుకుని చిన్న గదిలోకి వెళ్ళాడు. లోపల డబ్బాల మూతలు తీస్తున్న చప్పుడు, ఏది ఎక్కడుందో తెలియని మనిషి చేసే చప్పుడు, వినబడుతోంది.

ఆమె ఫోన్ తీసింది. అత్తగారు చేతులు తుడుచుకుని, ఆమె ముంజేయి పట్టుకుని దగ్గరికి లాగింది. తిడుతుందనే అనుకుంది ఆమె. అదృష్టం గురించి మళ్ళీ మొదలుపెడుతుందనుకుంది. ఆవిడ గదివైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించి అంది.

"మీ మావయ్య బతికున్నన్నాళ్ళూ ప్రతిదీ అడిగానే నేను. ఇలా చెప్పొచ్చని నాకెవరూ చెప్పలేదే అమ్మాయ్."